మైదానం ఎవరిది?

"కళాశాల కుర్రవాళ్ల ఆటల మీద విచారణ జరపడమా శాసనసభ్యుల పని? రాష్ట్రంలో అంతకంటె ముఖ్యమైన సమస్యలు లేవా?" అన్న ప్రశ్న ఈ మధ్య తరచు వినపడుతోంది. దీన్ని అడుగుతున్నవారంతా ఆటలంటే గిట్టనివారు కారు. వారిలో ప్రజల కష్టసుఖాలు ఎరిగినవారున్నారు, ఉద్యమాల్లో పనిచేసినవారున్నారు. 2025 వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి రైతు కిలోకు 12 రూపాయలు చేతికి రావడానికే అవస్థపడ్డాడు. అందులో 4 రూపాయలు ప్రభుత్వ సాయం. అటువంటి రాష్ట్రంలో, ఏడాదికి కొద్ది వారాలు మాత్రమే కూర్చునే సభ బంతుల లెక్కా బ్యాట్ల లెక్కా చూస్తూ కాలం గడపాలా అన్నది వారి ఆవేదన.

ఈ వాదంలో నిజం లేకపోలేదు. కాని అది సగం నిజం. రైతు సమస్య జీవితానికి సంబంధించినదనీ, ఆట కాలక్షేపానికి సంబంధించినదనీ ముందే విడదీసుకుని చేసే వాదం ఇది. మా నూజివీడు ప్రాంతంలో వేసవిలో చిక్కం పట్టుకుని మామిడికాయ కోసే కుర్రవాడూ, చలికాలంలో కళాశాల తరఫున కబడ్డీ ఆడే కుర్రవాడూ చాలాసార్లు ఒక్కడే. అతని కూలి గురించి సభ మాట్లాడవచ్చు గాని అతని ఆట గురించి మాట్లాడకూడదంటే, అతను కూలీగా మాత్రమే పౌరుడు, తక్కిన జీవితమంతా అతని సొంత గొడవ అన్నట్టే.

కనుక సభ విచారించాలా వద్దా అన్న రూపంలో ప్రశ్న వేసుకుంటే జవాబు దొరకదు. దేన్ని విచారించాలి, ఎవరి తరఫున విచారించాలి అని అడగాలి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, జట్టులో ఎవరికి చోటు దొరికింది అన్నవి సభకు అనవసరం. మైదానం ఎవరిది, డబ్బు ఎవరిది, దెబ్బ తగిలే ఒళ్లు ఎవరిది అన్న మూడు ప్రశ్నలు మాత్రం సభ అడిగి తీరవలసినవి. ఎందుకంటే వీటిని అడిగి జవాబు రాబట్టే అధికారం ఆడే పిల్లలకు లేదు, పంపే తల్లిదండ్రులకు లేదు, ఆడించే వ్యాయామోపాధ్యాయుడికి అసలే లేదు. ఈ అభిప్రాయాన్ని వివరించడానికే ఈ వ్యాసం.

విచారణ అనే మాటకు అర్థం

ముందుగా అధికారం సంగతి. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో క్రీడలు రాష్ట్రాల జాబితాలో, 33వ అంశంలో, నాటకశాలలతోనూ వినోదాలతోనూ కలిసి ఉన్నాయి. విద్య 1976 నాటి 42వ సవరణ తరువాత ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. అంటే కళాశాల ఆట రెండు విధాలా రాష్ట్ర శాసనసభ పరిధిలోనిదే. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం ప్రధానంగా జాతీయ సమాఖ్యల ఎన్నికలు, వివాదాలు, జవాబుదారీతనం గురించినది. నూజివీడులోనో తిరువూరులోనో ఉన్న కళాశాలకు ఆడుకునే చోటు ఉందా లేదా అన్నది చూడవలసినది రాష్ట్రమే.

ఇక విచారణ అనగానే మనకు స్ఫురించేది పోలీసులు, దొంగ, శిక్ష. శాసనసభ విచారణ స్వభావం వేరు. సభకు ప్రశ్నోత్తరాల సమయం ఉంది. పద్దుల మీద చర్చ ఉంది. కాగ్ నివేదికలను పరిశీలించే ప్రజాపద్దుల సంఘం ఉంది. ఒక ప్రత్యేక విషయాన్ని తేల్చడానికి సభాసంఘం వేసే హక్కు ఉంది. ఇవన్నీ నేరస్థుణ్ణి పట్టుకోవడానికి పుట్టినవి కావు. ఒక వ్యవస్థ ఎలా నడుస్తున్నదో ప్రజల ముందు పెట్టడానికి పుట్టినవి.

దీనికి మన ప్రాంత చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడినప్పుడు, జమీందారీ రైతుల పరిస్థితిని పరిశీలించడానికి ఉభయ సభల సభ్యులతో, టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. ఆ సంఘం జమీందారీ ప్రాంతాల్లో తిరిగి, రైతుల సాక్ష్యాలు సేకరించి, 1938లో నివేదిక ఇచ్చింది. నూజివీడు జమీందారీ సీమ. పక్కనే మునగాల, చల్లపల్లి జమీందారీల రైతులు చేసిన పోరాటాలు పాఠకులకు తెలిసినవే. ప్రకాశం సంఘం ఏ జమీందారు మంచివాడు, ఏ జమీందారు చెడ్డవాడు అని లెక్క తీస్తూ కూర్చోలేదు. భూమి మీద హక్కు ఎవరిది అన్న మూలప్రశ్న అడిగింది. భూమి రైతుదే అన్నది. ఆ నివేదిక వెంటనే చట్టం కాలేదు. పదేళ్లు పట్టింది, మధ్యలో ఒక యుద్ధం నడిచింది, రైతులు జైళ్లకు వెళ్లారు. కాని 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చిందంటే, ప్రజా ఉద్యమం తయారుచేసిన నేల మీద ఆ నివేదిక కూడా ఒక రాయిగా పడి ఉంది.

మంచి విచారణకు కొలత ఇదే అని నా అభిప్రాయం. వ్యక్తిని వదిలి వ్యవస్థను పట్టుకోవాలి. కచేరీలో కూర్చోకుండా జనం దగ్గరకు పోవాలి. హక్కు ఎవరిదో తేల్చాలి. ఈ కొలతతో ఇప్పటి ఆటల విచారణలను చూద్దాం.

'ఆడుదాం ఆంధ్ర' చెప్పే పాఠం

2023 డిసెంబరు 26న గుంటూరు దగ్గర నల్లపాడులో 'ఆడుదాం ఆంధ్ర' పోటీలు మొదలై, 2024 ఫిబ్రవరి 13న విశాఖపట్నంలో ముగిశాయి. క్రికెట్టు, వాలీబాలు, బ్యాడ్మింటను, కబడ్డీ, ఖోఖో అనే అయిదు ఆటలు. పదిహేనేళ్లు దాటినవారెవరైనా ఆడవచ్చు. గ్రామ, వార్డు సచివాలయం స్థాయిలో మొదలై, మండలం, నియోజకవర్గం, జిల్లా మీదుగా రాష్ట్రస్థాయికి చేరే అయిదు మెట్ల ఏర్పాటు. ఆడినవారిలో కళాశాల విద్యార్థులున్నారు, చదువు మానేసినవారున్నారు, పెళ్లయిన ఆడవాళ్లున్నారు. 2024లో ప్రభుత్వం మారింది. సుమారు 120 కోట్ల రూపాయల ఖర్చు గురించి సభలో ప్రశ్నలు వచ్చాయి, విజిలెన్సు విచారణ జరిగింది. అవినీతి జరిగిందని ఒక పక్షం, కక్షసాధింపు అని మరొక పక్షం.

ఆ వివాదంలో తీర్పు చెప్పడం నా పని కాదు. ప్రజల డబ్బు ఖర్చయినప్పుడు లెక్క అడగడం తప్పు కానే కాదు. ఏ పక్షం అడిగినా అడగవలసిందే. కాని ఆ చర్చంతా ఎక్కడ ఆగిందో గమనించాలి. బ్యాట్ల నాణ్యత గురించి మాటలు వినపడ్డాయి. కిట్ల ధర గురించి, ప్రారంభ, ముగింపు ఉత్సవాల ఖర్చు గురించి మాటలు వినపడ్డాయి. ఆ యాభై రోజులూ ఆడిన పిల్లలు యాభైఒకటో రోజున ఎక్కడ ఆడారన్న ప్రశ్న మాత్రం నా చెవిన పడలేదు. పోటీలు పెట్టినవారు ఆటను ఉత్సవంగా చూశారు. విచారణ కోరినవారు దాన్ని టెండరుగా చూశారు. ఆటను నిత్యజీవితంలో భాగంగా చూసినవారు రెండు వైపులా తక్కువే. శాసనసభ్యుల కాలం వృథా అవుతున్నదన్న విమర్శకు ఇక్కడ కొంత బలం ఉంది. అయితే ఆ వృథా ఆటల గురించి మాట్లాడినందువల్ల జరిగింది కాదు, ఆటల గురించి మాట్లాడకపోవడం వల్ల జరిగింది.

అమెరికాలో ఏం జరిగింది

ఈ ప్రశ్నను మనకంటె ముందు, మనకంటె పెద్ద స్థాయిలో ఎదుర్కొన్న దేశం అమెరికా. అక్కడ కళాశాల ఫుట్‌బాలు వందల కోట్ల డాలర్ల వ్యాపారం. లక్షమంది కూర్చునే స్టేడియాలు, టెలివిజను ఒప్పందాలు, కోట్లలో జీతాలు తీసుకునే శిక్షకులు. ఆ దేశపు కాంగ్రెసు ఈ విషయంలో తలదూర్చిన సందర్భాలు రెండు రకాలు.

మొదటి రకానికి ఉదాహరణ 2009. కళాశాల ఫుట్‌బాలులో జాతీయ విజేతను నిర్ణయించే పద్ధతి అన్యాయంగా ఉందని ఆ ఏడాది ప్రతినిధుల సభలో విచారణ జరిపారు. విడతల పోటీ పెట్టకుండా ఏ ఆటనూ 'జాతీయ ఛాంపియన్‌షిప్పు' అని ప్రచారం చేయరాదని ఒక బిల్లు కూడా ప్రతిపాదించారు. అమెరికా అప్పటికి ఘోరమైన ఆర్థిక సంక్షోభంలో ఉంది, ఇళ్లూ ఉద్యోగాలూ పోతున్నాయి. మీకు వేరే పని లేదా అని జనం అడిగారు. అడగవలసిందే. బిల్లు చట్టం కాలేదు. 2014 క్రీడా సంవత్సరం నుంచి నిర్వాహకులే విడతల పోటీ తెచ్చుకున్నారు. ఎవరు గెలిచారన్న తగాదాలో సభ దూరితే ఫలితం ఇలాగే ఉంటుంది.

రెండవ రకానికి ఉదాహరణ 1972. విద్యా సవరణల చట్టంలోని తొమ్మిదవ అధ్యాయం, కేంద్ర ప్రభుత్వ ధనం పొందే ఏ విద్యా కార్యక్రమంలోనూ స్త్రీ పురుష భేదం కారణంగా ఎవరికీ వివక్ష చూపరాదన్నది. ఆ వాక్యంలో ఆట అన్న మాటే లేదు. కాని అది ఆటస్థలానికి వర్తించింది. అప్పట్లో కళాశాల జట్లలో ఆడే ఆడపిల్లలు సుమారు 30,000 మంది. ఇప్పుడు వారు 2 లక్షలు దాటారు. ఇక్కడ సభ అడిగింది గెలుపోటముల గురించి కాదు, హక్కు గురించి.

అడగవలసినప్పుడు అడగకపోతే ఏమవుతుందో కూడా ఆ దేశమే చూపింది. 1905లో ఫుట్‌బాలు మైదానాల్లో విద్యార్థులు చనిపోతుంటే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు పెద్ద విశ్వవిద్యాలయాల ప్రతినిధులను పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది కళాశాలలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 1910 నుంచి దాని పేరు ఎన్.సి.ఎ.ఎ. విద్యార్థి ప్రాణం కాపాడటానికి పుట్టిన ఆ సంఘం క్రమంగా విద్యార్థి శ్రమను అమ్మే సంఘమయింది. 1955లో కొలరాడోలో ఒక విద్యార్థి ఆటలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. కార్మిక పరిహారం ఇమ్మని అతని భార్య అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అతను ఉద్యోగి కాడని కొట్టివేసింది. ఇటువంటి దావాల నుంచి తప్పించుకోవడానికే 'విద్యార్థి క్రీడాకారుడు' అన్న పదబంధాన్ని తయారుచేసి అన్నిచోట్లా వాడేట్టు చేశామని, ఆ సంఘాన్ని దశాబ్దాలు నడిపిన వాల్టర్ బయర్సు 1995లో తన పుస్తకంలో రాశాడు. భాషతో పనిచేసే మనం ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఒక మంచిమాట ఒక కుటుంబానికి రావలసిన పరిహారాన్ని ఎగ్గొట్టే పనిముట్టు కాగలదు.

మా ప్రాంతంలో తోటల బేరం తెలిసినవారికి ఈ వ్యవస్థ అర్థం కావడం తేలిక. పూత దశలోనో పిందె దశలోనో రైతు తోటను గుత్తకిస్తాడు. అప్పు మెడమీద ఉంటే రెండు మూడేళ్ల కాపు కలిపి ఇచ్చేస్తాడు. ఆ తరువాత నున్న మార్కెట్టులో బంగినపల్లి ఏ ధర పలికినా, చిన్నరసం ఏ ధర పలికినా లాభం గుత్తేదారుదీ కమీషను ఏజెంటుదీ. అమెరికా కళాశాల ఆటగాడు కూడా పద్దెనిమిదో ఏట, పూత దశలో, చదువు ఖర్చులకు తన ఆటను గుత్తకిచ్చాడు. అతని పేరున్న బనియన్లు అమ్ముడుపోయినా, అతని ఆట దేశమంతా చూసినా అతనికి పైసా రాకూడదన్నది నిబంధన. 2021లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకాభిప్రాయంతో ఆ నిబంధనల్లో ఒక భాగాన్ని కొట్టివేశారు. 2025లో మరొక దావా పరిష్కారంలో, పాత ఆటగాళ్లకు 280 కోట్ల డాలర్ల బకాయి చెల్లించడానికీ, ఇకమీద కళాశాలలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వడానికీ ఒప్పుకోవలసి వచ్చింది. శాసనకర్తలు చేయని పనిని న్యాయస్థానాలు చేశాయి, అదీ ఎన్నో తరాల ఆటగాళ్లు నష్టపోయిన తరువాత.

సభ లేనప్పుడు పోయిన భూమి

మనకు అంత వ్యాపారం లేదు గదా, ఆ బాధ మనకెందుకు అని అడగవచ్చు. మన దగ్గర ఆటల వ్యాపారం టిక్కెట్ల మీద కాక భూమి మీద నడుస్తుంది. దీనికి హైదరాబాదు ఉదాహరణ చాలు.

2003 ఆగస్టులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఐ.ఎం.జి. అకాడమీస్ భారత అనే సంస్థతో అవగాహన ఒప్పందం చేసుకుంది. ప్రపంచస్థాయి క్రీడా శిక్షణ సంస్థలు పెడతామని వారి మాట. హైదరాబాదు చుట్టుపక్కల 850 ఎకరాలు ఇస్తామని ప్రభుత్వం మాట. ఆ భూమిలో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్నవి. 2003 నవంబరులో శాసనసభ రద్దయింది. 2004 మొదట్లో, ఆపద్ధర్మ ప్రభుత్వం ఉన్న కాలంలో, భూమి బదిలీ పని నడిచింది. తరువాత వచ్చిన ప్రభుత్వం 2006లో దాన్ని రద్దు చేసింది, 2007లో అందుకోసం చట్టమే తేవలసి వచ్చింది. వ్యాజ్యం సాగి సాగి, 2024లో తెలంగాణ హైకోర్టు ఆ రద్దును సమర్థించింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. 2025 వసంతంలో అదే 400 ఎకరాల్లో చెట్లు కొట్టడానికి యంత్రాలు దిగాయి. ఆ భూమి విశ్వవిద్యాలయానిదని విద్యార్థులు, ప్రభుత్వానిదని ప్రభుత్వం. సుప్రీంకోర్టు ఆపమన్నది.

ఈ ఇరవైరెండేళ్ల కథలో శిక్షణ పొందిన ఆటగాడు ఒక్కడు లేడు. ఆట పేరుతో మొదలయింది, భూమి పేరుతో మిగిలింది. బదిలీ జరిగిన రోజుల్లో ప్రశ్న అడగడానికి సభే లేదు. ఆటల గురించి అడగడం శాసనసభ్యులకు తీరికపని అనేవారు ఈ ఒక్క ఉదాహరణ గురించి ఆలోచిస్తే చాలు. ముందు ఒక గంట అడిగి ఉంటే, తరువాత ఒక చట్టమూ, రెండు దశాబ్దాల వ్యాజ్యమూ అవసరపడేవి కావేమో.

మైదానం, ఫీజు, ఒళ్లు

ఇప్పుడు కళాశాల గేటులోకి వద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని స్పష్టంగా ఉంది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తించేది. పద్నాలుగేళ్ల దాకా ఆటస్థలం హక్కు, పదిహేనో ఏట నుంచి అదృష్టం. ఆ పదిహేనో ఏటనే మన పిల్లలు ఇంటర్మీడియటులో చేరుతారు. విజయవాడ చుట్టూ అపార్టుమెంటు భవనాల్లో నడిచే కళాశాలల్లో ఆటస్థలం అంటే చాలాచోట్ల డాబా మీది ఖాళీ. మామిడి తోటల్లో కోతికొమ్మచ్చి ఆడి పెరిగిన పిల్లవాడు రెండేళ్లపాటు పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా కుర్చీకి అతుక్కుపోతాడు. విద్యార్థుల ఆత్మహత్యల నేపథ్యంలో ఈ కళాశాలలను పరిశీలించడానికి 2001లో నీరదారెడ్డి కమిటీనీ, 2017లో చక్రపాణి కమిటీనీ ప్రభుత్వాలు వేశాయి. అవి ప్రభుత్వాలు వేసిన కమిటీలు. ప్రకాశం సంఘంలాగా సభ్యులే ఊరూరా తిరిగి, పిల్లల మాట విన్న సంఘం కావాలని నేనంటున్నాను.

రెండవది డబ్బు. ప్రతి కళాశాలా ఫీజుల పట్టీలో ఆటల ఫీజు చూపిస్తుంది. ఒక్కొక్క విద్యార్థికి అది చిన్న మొత్తమే. వందల మందికి, ఏళ్ల తరబడి, కలిపి చూస్తే చిన్నది కాదు. 2008 ప్రాంతం నుంచి ఫీజు రీయింబర్సుమెంటు పద్ధతిలో ప్రైవేటు కళాశాలలకు పెద్దమొత్తంలో ప్రజాధనం వెళుతోంది. పేరు మారింది, పార్టీలు మారాయి, పద్ధతి నిలిచింది. ప్రజాధనం వెళ్లిన చోటికి ప్రజాప్రతినిధుల ప్రశ్న వెళ్లకూడదనడం ఏ ప్రజాస్వామ్యం? వసూలు చేసిన ఆటల ఫీజు ఎంత, ఖర్చయినది ఎంత, దేనికి ఖర్చయింది అన్న మూడు గడుల పట్టిక ప్రతి కళాశాలా ఏటా సభ ముందు పెట్టాలి. దీనికి దర్యాప్తు సంస్థలు అక్కరలేదు, ఒక సభ్యుడి లిఖితపూర్వక ప్రశ్న చాలు.

మూడవది ఒళ్లు. నేను ఎరిగిన ఒక కుర్రవాడు, తోటల్లో కోత కూలీల కొడుకు, అంతర కళాశాలల కబడ్డీ పోటీలో మోకాలి లిగమెంటు తెంచుకున్నాడు. పోటీకి పంపిన ఉత్తర్వులో బస్సు ఛార్జీ గురించి ఉంది, రోజు భత్యం గురించి ఉంది. దెబ్బ తగిలితే ఎవరు భరించాలో ఒక్క వాక్యం లేదు. ఆపరేషనుకు తల్లి పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. అతను నడుస్తున్నాడు గాని చెట్టెక్కలేడు. అంటే ఆటతోబాటు కూలి కూడా పోయింది. ఆ కళాశాల పేరు చెప్పను. చెబితే అది ఒక్క కళాశాల తప్పయిపోతుంది. ఆ ఉత్తర్వు నమూనా పాతది, అందరూ వాడేది. అమెరికాలో 1957లో ఆ భార్యకు కోర్టు చెప్పిన మాటే ఇక్కడ ఈ తల్లికి ఎవరూ నోరు విప్పకుండానే చెప్పారు.

దెబ్బ తగలకపోయినా పిల్లల శ్రమ గల్లంతు కావచ్చు. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్సు 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 2002 నాటి 13.38. ఆ పరుగు రికార్డు కాలేదు. మత్తుమందుల పరీక్ష జరగలేదు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేడు. రికార్డు ఆమె పేరిట నమోదు కావడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది, అదీ సైప్రసు వెళ్లి పరుగెత్తిన తరువాత. ఆమె పట్టుదల గొప్పది, పైకి వచ్చింది. అటువంటి అవకాశం రెండోసారి రానివారి సంగతి ఏమిటి? విశ్వవిద్యాలయ పోటీలకు ఆ మాత్రం ఏర్పాటు ఎందుకు లేదన్నది ఆటగత్తె అడగవలసిన ప్రశ్నా, శాసనకర్త అడగవలసిన ప్రశ్నా?

సభ చేయకూడని పని

ఇంత చెప్పిన తరువాత ఎదుటి పక్షం భయాన్ని కూడా పట్టించుకోవాలి. శాసనసభ్యులకు ఆటల మీద అధికారమంటే, జట్టు ఎంపికలో సిఫారసు ఉత్తరాలు, క్రీడా సంఘాల అధ్యక్ష పదవుల్లో నాయకులు, స్పోర్ట్సు కోటా సర్టిఫికెట్లలో బేరాలు అని జనం అనుభవం. ఆ అనుభవం తప్పు కాదు. అందుకనే హద్దు గీయాలి. క్రీడా సంఘం పదవిలో ఉన్న సభ్యుడు ఆటల మీద వేసిన సభాసంఘంలో ఉండరాదు. ఎంపికల్లో, ఫలితాల్లో, శిక్షకుల నియామకాల్లో సభ వేలు పెట్టరాదు. గత ప్రభుత్వపు పద్దులు ఎంత గట్టిగా చూస్తారో, అధికారంలో ఉన్న ప్రభుత్వపు పద్దులూ అంత గట్టిగానే చూడాలి. ఈ హద్దులు లేని విచారణ ఆటను బాగుచేయదు, ఇంకొక గుత్తేదారును తెచ్చిపెడుతుంది.

ఈ హద్దుల్లో నిలబడి సభ చేయగల పని పెద్దది కాదు గాని అవసరమైనది. ప్రతి కళాశాలకూ సొంతమో ఉమ్మడిదో ఆటస్థలం ఉందా అని నియోజకవర్గం వారీగా లెక్క తీయడం. ఆటల ఫీజు పట్టిక అడగడం. కళాశాల పంపిన ప్రతి ఆటగాడికీ, ఆటగత్తెకూ ప్రమాద బీమాను గుర్తింపు నిబంధనల్లో తప్పనిసరి చేయడం. ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, వేళకు ఇంటికి చేరే ఏర్పాటు ఉన్నాయా అని వారినే పిలిచి అడగడం. నూజివీడులోని ట్రిపుల్ ఐటీ 2008లో శాసనసభ చేసిన చట్టంతోనే పుట్టింది. పదో తరగతి దాటిన పల్లెటూరి పిల్లలు అక్కడ ఆరేళ్లు ఉండి చదువుకుంటారు. చట్టం చేసి అంతమంది పిల్లలను ఒకచోట చేర్చిన సభకు, వాళ్లు సాయంత్రం పూట ఏం చేస్తున్నారో అడిగే తీరిక లేదనడం న్యాయం కాదు.

ఒక సాహిత్య పత్రికలో ఈ చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కథల్లో రైతు ఉన్నాడు, కూలీ ఉన్నాడు, గుమాస్తా ఉన్నాడు, నిరుద్యోగి ఉన్నాడు. సాయంకాలం బీడులో వాలీబాలు ఆడి, మరుసటి ఏడాది అక్కడ లేఅవుటు రాళ్లు పాతితే ఆట మానేసిన కుర్రవాడు ఎన్ని కథల్లో ఉన్నాడు? శ్రమ దోపిడీ గురించి మనం బాగా రాశాం. శ్రమ తరువాత మనిషికి మిగలవలసిన కాసేపటి స్వేచ్ఛను కూడా దోచుకుంటున్న సంగతి అంతగా రాయలేదు. రైతుల గొంతు వినపడిన తరువాతనే ప్రకాశం సంఘం వారి దగ్గరకు వెళ్లింది. కళాశాల పిల్లల గొంతు వినిపించే పని కొంత మనది కూడా.

వచ్చే బడ్జెటు సమావేశాల్లో యువజన క్రీడల పద్దు చర్చకు వస్తుంది. పద్దు మీద మాట్లాడే సభ్యులకు మన ప్రాంతం నుంచి ఒక ఉత్తరం వెళ్లాలి. అందులో ఒకే ప్రశ్న ఉంటే చాలు: మా నియోజకవర్గంలో ఎన్ని కళాశాలలు ఉన్నాయి, వాటిలో ఎన్నింటికి మైదానం ఉంది? జవాబు చెప్పడానికి మంత్రికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు సభాకాలం వృథా అని ఎవరంటారో చూద్దాం.